మహానదిలోని ఘరియాలు

(సంఘ సభ్యుల సమావేశములో చదువబడిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగా పాఠశాలల సంగతులు, గ్రంథాలయపు సంగతులు, పిల్లల చదువు, ఉద్యోగముల సంగతులు ప్రస్తావనకు వచ్చుచుండును. నేడు నేనొక మొసలిని గూర్చి మాటలాడ బూనుకొంటిని. ఇది కొందరికి వింతగా తోచవచ్చును. కాని కటకము, సంబలపురము మొదలగు పట్టణములలో తరతరములుగా కాపురమున్న మన కుటుంబములు మహానదిని చూచుచు పెరిగినవి. కార్తీక స్నానములు ఆ నదిలోనే చేసితిమి. పెద్దల అస్థికలు ఆ నీటిలోనే కలిపితిమి. ఆ నదిలో ఏది బ్రతుకుచున్నది, ఏది నశించుచున్నది అని తెలిసికొనుట మనకు పరాయి పని కానేరదు.

ఒడిషా రాష్ట్రమునకు ఒక విశేషము కలదు. భారతదేశములోని మూడు జాతుల మొసళ్లును సహజముగా నివసించు రాష్ట్ర మిదియొక్కటియే. సముద్రపు పాయలలోను, మడ అడవులలోను ఉండునది ఉప్పునీటి మొసలి. దానిని ఇచ్చటివారు బౌళ అందురు. చెరువులలోను, మడుగులలోను ఉండునది మన కృష్ణా మంజీరా నదులలో కూడ కనబడు మామూలు మొసలి. మూడవది మహానదిలోని సన్నమూతి మొసలి. ఒడియా వారు దీనిని ఠంటియా కుంభీర అని పిలుతురు. ముక్కు గల మొసలి అని భావము. హిందీవారు ఘడియాల్ అనగా, ఇంగ్లీషువారి నోట అది ఘరియాల్ అయినది. మన భాషలో దీనికి వేరు పేరు వాడుకలో లేదు. అందుకు కారణము స్పష్టమే. ఈ జంతువు సింధు, గంగా, బ్రహ్మపుత్రా నదులలోను, వాని ఉపనదులలోను, మహానదిలోను, తూర్పున ఐరావతీ నదిలోను ఉండెడిది. దక్షిణమున దాని సహజమైన యెల్ల మహానది. అనగా తెలుగు మాతృభాషగా గలవారిలో ఈ మొసలిని తమ నదిలో చూడగల భాగ్యము ఒడిషాలో స్థిరపడిన మనకే ఉన్నది.

మొసలి యనగానే మనకు స్మరణకు వచ్చునది పోతనగారి భాగవతములోని గజేంద్ర మోక్షము. ఏనుగు కాలు పట్టి వేయేండ్లు విడువని ఆ మకరమును తలచుకొని మనము బాల్యమునుండి మొసలిజాతి నంతటిని శత్రువుగా నెంచితిమి. కాని ఘరియాలు విషయములో ఆ భయమునకు తావు లేదు. దాని మూతి సన్నని పొడవైన దౌడల జత; పట్టకారువంటిది. అందు నూరుకు పైబడిన చిన్న వాడి పండ్లు ఒకదానిలో నొకటి ఇమిడియుండును. ఆ మూతిని నీటిలో ప్రక్కకు విసరునపుడు నీరు అడ్డగింపదు. జారిపోవు చేప ఆ పండ్ల నడుమ చిక్కుకొనును. పెద్ద జంతువును పట్టి ఈడ్చుటకుగాని, ఎముకలు విరుచుటకుగాని ఆ దౌడలకు బలము చాలదు. పెరిగిన ఘరియాలునకు చేపయే ఆహారము. మనుష్యులను వేటాడి తినునది కాదు. పూర్వము కొన్నిటి కడుపులలో నగలు కనబడుటచే నరభక్షకమను అపవాదు వచ్చినది. గంగానదిలో శవములను విడుచు ఆచారము ఉన్నందున ఆ నగలు నదీగర్భమునకు చేరెడివి. జీర్ణమునకో, నీట మునుగుటకో సహాయముగా గులకరాళ్లను మ్రింగు అలవాటు మొసళ్లకు గలదు. ఆ రాళ్లతోబాటు నగలును లోపలికి పోయినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇక దీని ఆకారము. మగ ఘరియాలు అయిదారు మీటర్ల వరకు పెరుగును. ఆడది అంతకంటె చిన్నది. మగదానికి పది పండ్రెండేండ్లు గడచిన పిమ్మట మూతి చివర ఒక బుడిపె పెరుగ నారంభించును. అది చూచుటకు బోర్లించిన చిన్న కుండవలె నుండును. కుండకు హిందీలో ఘడా యని పేరు. దానినిబట్టియే ఈ జంతువునకు ఆ నామము వచ్చినది. ఆ బుడిపె అలంకారమునకు మాత్రమే కాదు. మగది ఊపిరి వదలునపుడు దానినుండి బుసవంటి ధ్వని వెలువడును. నీటిలో టప్పుమను శబ్దమును కూడ పుట్టించును. ఆడవానిని పిలుచుటకు, ఇతర మగవానిని దూరముగా నుంచుటకు ఆ ధ్వనులు ఉపయోగపడును. మొసళ్ల జాతులలో చూచినంతమాత్రమున మగది ఏదో ఆడది ఏదో చెప్పగలుగునది దీనియందే.

ఈ జంతువు నీటికి ఎంతగా అలవడినదో, భూమికి అంతగా దూరమైనది. తక్కిన మొసళ్లు శరీరమును పైకెత్తి నడువగలవు. పెరిగిన ఘరియాలు అట్లు నడువలేదు. పొట్టను నేలకు ఆనించి ముందునకు త్రోసికొనుచు పోవును. కనుక అది నీటి యంచునకు కొలది దూరములోనే ఉండవలెను. ఒక నది ఎండినచో నడచి మరియొక నదికి పోవు శక్తి దానికి లేదు. దానికి కావలసినవి మూడే: ప్రవహించు లోతైన నీరు, అందు చేపలు, ఒడ్డున ఎత్తయిన ఇసుక తిన్నె. చలికాలమున గంటలకొలది ఆ తిన్నెపై ఎండ కాగుచు పడియుండును. శరీరపు వేడిని తాను పుట్టించుకొనలేని జంతువు గనుక ఎండయే దానికి నెగడు.

ఆ ఇసుక తిన్నెయే దాని పురిటిల్లు కూడ. మార్చి ఏప్రిల్ నెలలలో ఆడది రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో సుమారు మూరెడు లోతు గొయ్యి త్రవ్వి, ఇరువది మొదలుకొని అరువది వరకు గ్రుడ్లు పెట్టి పూడ్చును. మొసళ్ల గ్రుడ్లన్నిటిలోను ఇవి పెద్దవి. ఒక్కొక్కటి నూటయేబది గ్రాములకు పైగా తూగును. తల్లి పొదుగదు, సూర్యుని వేడిమికి కాగిన ఇసుకయే పొదుగును. పిల్ల ఆడదగునా మగదగునా యన్నది కూడ ఆ ఇసుక వేడిమినిబట్టియే నిర్ణయమగును. రెండు రెండున్నర నెలలకు గ్రుడ్లలోని పిల్లలు కూయ నారంభించును. తల్లి ఆ కూత విని ఇసుకను త్రవ్వి వానిని వెలికి తీయును. ఇతర మొసళ్లవలె ఇది పిల్లలను నోట కరచుకొని నీటికి తీసికొనిపోలేదు. దాని మూతి అందుకు తగినది కాదు. పిల్లలు తమంతట తాము నీరు చేరును. అనేక తల్లుల పిల్లలు ఒకచోట గుమికూడగా పెద్దవి కావలి కాయును. కుండమూతి మగది వందలకొలది పిల్లలను వీపుపైనను తలపైనను ఎక్కించుకొని నీటిలో నిలిచియుండగా చంబల్ నదిలో తీసిన ఛాయాచిత్రములు లోకమంతటను ప్రసిద్ధి చెందినవి.

ఇట్లు జాగ్రత్తగా కాచినను పిల్లలలో నూటికి ఒకటి రెండు మాత్రమే పెరిగి పెద్దవగును. గ్రుడ్లను నక్కలు, అడవిపందులు, ఉడుములు తినును. పిల్లలను గ్రద్దలు, కొంగలు, పెద్ద చేపలు హరించును. మిగిలినవానిని మొదటి వర్షాకాలపు వరద కొట్టుకొనిపోవును. అది ప్రకృతి విధించిన పన్ను. ఆ పన్నును చెల్లించుచునే ఈ జాతి అనేక లక్షల యేండ్లు బ్రతికెను. కాని మానవుడు విధించిన పన్నును అది చెల్లింపలేకపోయినది.

1940 ప్రాంతమున అయిదువేల నుండి పదివేల వరకు ఘరియాళ్లు ఉండెనని అంచనా. తోలు వ్యాపారము, గ్రుడ్లను ఏరి తినుట, బుడిపెలో ఔషధ గుణమున్నదను మూఢనమ్మకము, వీనితోబాటు నదులకు అడ్డముగా ఆనకట్టలు లేచుట — ఇన్నియు కలిసి ముప్పదియేండ్లలో ఆ జాతిని తుడిచిపెట్టినవి. 1970 దశకపు నడుమ నాటికి అడవులలో రెండువందలకు మించి లేవని తేలెను. మన మహానదిలో వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టపు మొదటి అనుబంధములో ఘరియాలునకు చోటు దొరకెను. 1974లో ఐక్యరాజ్య సమితివారి ఆహార వ్యవసాయ సంస్థ పక్షమున బస్టర్డ్ అను శాస్త్రవేత్త వచ్చి మన నదులను పరిశీలించెను. ఆయన సలహాపై 1975లో భారత ప్రభుత్వమువారు మొసళ్ల సంరక్షణ పథకమును ప్రారంభించిరి. ఆ పథకము మొదట రూపు దాల్చిన చోట్లలో ఒడిషా ముఖ్యమైనది. ఘరియాళ్ల కొరకు మహానదీ తీరమున టికరపడాలోను, ఉప్పునీటి మొసళ్ల కొరకు భితరకనికాలోను, మామూలు మొసళ్ల కొరకు సిమిలిపాల్ అడవిలోని రామతీర్థలోను కేంద్రములు వెలసినవి. ఉత్తరప్రదేశములో లక్నో సమీపమున కుక్రైల్ కేంద్రము ఏర్పడెను. ఈ పనికి తగిన అటవీ ఉద్యోగులకు శిక్షణ యొసగుటకు 1980లో మన హైదరాబాదులోనే ఒక కేంద్రసంస్థ నెలకొల్పబడెను. 1976లో చెన్నపట్టణమునుండి మహాబలిపురము పోవు దారిలో రోములస్ విటేకర్ ప్రభృతులు స్థాపించిన మొసళ్ల నిలయము కూడ ఈ జాతికి మిక్కిలి సేవ చేసినది. 2008 తరువాత చంబల్ ఘరియాళ్లకు రేడియో యంత్రములు కట్టి వాని సంచారమును తెలిసికొన్నవారు ఆ నిలయమువారే.

పథకములోని ఉపాయము సులభమైనది. నూటికి తొంబదియెనిమిది పిల్లలు చచ్చుచున్నవి గదా. కనుక గ్రుడ్లను ఇసుకనుండి తీసి, కాపలాలో పొదిగించి, పిల్లలను మూడేండ్ల వరకు, అనగా సుమారు నాలుగడుగుల పొడవు వచ్చువరకు తొట్లలో పెంచి, తరువాత నదిలో విడువవలెను. మహానదిలో గ్రుడ్లు చాలనందున నేపాళములోని నారాయణీ నదినుండియు గ్రుడ్లు తెప్పింపబడెను. భువనేశ్వరము చెంతనున్న నందనకానన జంతు ప్రదర్శనశాలలో 1980లో ఘరియాళ్లు పిల్లలను కనెను. బందీగా నున్న ఘరియాళ్లు సంతానము పొందుట ప్రపంచమున అదియే ప్రథమము. ఈ విషయమున మనమందరము గర్వింపవచ్చును.

కాని మిత్రులారా, ఇచ్చటనే అసలు ప్రశ్న పుట్టుచున్నది. ఇవే ఘరియాళ్లు, ఇదే పద్ధతి. అయినను చంబల్ నదిలో ఒక ఫలితము, మహానదిలో మరియొక ఫలితము కలిగెను.

చంబల్ నది మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రముల గుండ ప్రవహించి యమునలో కలియును. 1978-79లో మూడు రాష్ట్రములవారును కలిసి ఆ నదిని అభయారణ్యముగా ప్రకటించిరి. అక్కడ లోయలు గండ్లుపడి వ్యవసాయమునకు పనికిరావు. ఆ కాలమున బందిపోట్ల భయముచే జనసంచారము తక్కువగా నుండెను. పెద్ద పరిశ్రమలు లేవు. నది శుభ్రముగా నిలిచెను. విడిచిన ఘరియాళ్లు పెరిగి, తామే గ్రుడ్లు పెట్టినవి. ఇటీవలి లెక్కలలో ఆ నదిలో చిన్నవి పెద్దవి కలిపి రెండువేలకు పైబడి ఉన్నట్లు తేలినది. ప్రపంచములోని ఘరియాళ్లలో అత్యధిక భాగము అచ్చటనే ఉన్నది.

మహానదిలో టికరపడా యొద్ద సత్కోసియా అను గండి కలదు. తూర్పు కనుమలను చీల్చుకొని నది ఏడు క్రోసుల దూరము, అనగా సుమారు ఇరువదిరెండు కిలోమీటర్లు, రెండు కొండల నడుమ ప్రవహించును. ఆ పేరునకు అర్థము కూడ ఏడు క్రోసులనియే. 1976లో ఆ ప్రదేశము అభయారణ్యమైనది. 1977 నుండి అక్కడ వందలకొలది ఘరియాళ్లను విడిచిరి. నలుబది యేండ్లు గడచినను మిగిలినవి బహు కొద్ది. ఎందువలన?

మొదటి కారణము వల. నీటిలో నిలువుగా కట్టిన సన్నని నైలాను వలలో ఘరియాలు మూతి చిక్కుకొన్నచో పండ్లకు దారములు చుట్టుకొని విడివడదు. మొసలికి మొప్పలు లేవు. ఊపిరి కొరకు పైకి రావలెను. రాలేక నీటిలోనే చచ్చును. బ్రతికియున్నచో, చిరిగిన వల విలువను తలచుకొని జాలరి దాని మూతిని గొడ్డలితో నరకుటయు కలదు. మూతి పోయిన ఘరియాలు తినలేదు. తినలేనిది ఎన్నాళ్లు బ్రతుకును? రెండవ కారణము వరద. గండిలో విడిచిన పిల్లలు వర్షాకాలమున ప్రవాహముతో దిగువకు, కటకము వరకును, అంతకు దిగువకును కొట్టుకొనివచ్చి, అభయారణ్యము దాటిన వెంటనే వలలలో పడినవి. మూడవది నీటి రాకపోకలు. 1957లో హీరాకుడ్ ఆనకట్ట పూర్తియైన పిదప నదిలోని నీరు ఋతువుల ననుసరించుట మానినది. ఇసుక తిన్నెలు ఏర్పడు తీరు మారెను. నాలుగవది ఇసుక తవ్వకము, తిన్నెలపై జన సంచారము.

దీనినిబట్టి మనకు ఒక సంగతి తెలియుచున్నది. మొసలిని పెంచుట సులభము. నదిని నిలుపుట కష్టము. తొట్టిలో వేయి పిల్లలను పెంచవచ్చును. వానికి తగిన నది లేనిచో అవి వలకు వేసిన మేత మాత్రమే.

చంబల్ నది సైతము పూర్తిగా క్షేమమని చెప్పజాలము. 2007 డిసెంబరు నుండి 2008 మార్చి వరకు, ఆ నాలుగు నెలల చలికాలములో, చంబల్ దిగువ భాగమున నూరుకు పైగా ఘరియాళ్లు చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. మూత్రపిండములు చెడి, శరీరములో లవణములు పేరుకొని అవి మరణించెనని పరీక్షలో తెలిసెను. యమునా సంగమమునకు చేరువలోనే ఆ మరణములు ఎక్కువగా జరుగుటచే, యమునలోని విషము చేపల ద్వారా వాని కడుపున చేరెనని పలువురు శంకించిరి. ఆ విషమేదో ఇదమిత్థమని తేల్చలేకపోయిరి. ఘరియాలు తినిన చేపలనే తీరవాసులును తిందురు. కావున ఆ శవములు మొసళ్లను గూర్చి మాత్రమే హెచ్చరించినవి కావు. ఆ 2007లోనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు ఈ జాతిని మిక్కిలి ప్రమాదములో నున్నవాని పట్టికలో చేర్చిరి. నేటికిని అది ఆ పట్టికలోనే ఉన్నది.

అయినను నిరాశకు అవకాశము లేదు. 2021 మే నెలలో సత్కోసియా ప్రాంతమున మహానదిలో సహజముగా పుట్టిన ఇరువదియెనిమిది ఘరియాలు పిల్లలు కనబడినవి. నలుబదియేండ్లకు పైగా ఆ నదిలో జరుగని సంగతి అది. నందనకాననలో పెరిగిన పెద్దవానిని రేడియో యంత్రములతో విడుచుట, గండిలో చేపల వేటను అరికట్టుట, తిన్నెల యొద్ద కావలి పెట్టుట అను మూడును కలిసిన పిమ్మట ఈ ఫలము కలిగెను. ఇరువదియెనిమిదిలో ఎన్ని బ్రతుకునో కాలము చెప్పవలెను. కాని ఆ నది ఇంకను తల్లి కాగలదని ఋజువైనది.

ఇప్పుడు ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. మనుష్యులకే కూడు లేనిచోట మొసళ్లకు ధనము వెచ్చించుట న్యాయమా అని అడుగువారు కలరు. జాలరి పొట్ట కొట్టి మొసలిని బ్రతికించుట నాకును సమ్మతము కాదు. కాని ఘరియాలు జాలరికి పోటీదారు కాదు. చల్లని రక్తము గల జంతువు గనుక, అంతే బరువుగల వెచ్చని రక్తపు జంతువుతో పోల్చిన అది తినునది బహు స్వల్పము. చేపలు తరిగిపోవుటకు కారణములు ఆనకట్టలు, మురుగు, చిన్నరంధ్రముల వలలు. ఘరియాళ్లు వృద్ధి పొందిన చంబల్ నదిలోనే చేపలును, తాబేళ్లును, గంగా డాల్ఫిన్లును నిలిచియున్నవి. వేటను ఆపుమని జాలరిని అడిగినప్పుడు అతనికి జీవనోపాధి చూపవలెను; వల చెడినప్పుడు దాని వెల యీయవలెను. ఒడిషా అటవీశాఖవారు వలకు పరిహారమును, ఘరియాలును రక్షించి తెలిపినవారికి బహుమానమును ప్రకటించియున్నారు. ఆ సంగతి చాల గ్రామములకు చేరవలసియున్నది.

మన సంఘము చేయదగిన పని కూడ ఇచ్చటనే కలదు. మొదటిది, నదీతీర గ్రామములలో పరిచయములు గల మన సభ్యులు ఆ ప్రకటనను జాలరులకు వారి భాషలోనే తెలియజేయవలెను: ఘరియాలు చిక్కినచో వల కోయుడు, దానిని కొట్టకుడు, అటవీశాఖవారికి కబురు చేయుడు అని. మనలో ఒడియా బాగుగా మాటలాడనివారు లేరు గదా. రెండవది, మనవారిలో గృహనిర్మాణపు కాంట్రాక్టులు చేయువారు పలువురు కలరు. వారు కొనెడి ఇసుక ఏ రేవునుండి వచ్చినది, అనుమతి కలదా లేదా అని ఒక్కమాట అడిగి కొనవలెను. మూడవది, సెలవులలో టికరపడాకు పిల్లలతో పోవువారు ఫిబ్రవరి నుండి జూను వరకు ఇసుక తిన్నెలపై దిగకుండ, పడవలోనుండియో ఒడ్డుననుండియో చూచి తృప్తిపడవలెను. ఆ నెలలలో మన పాదము క్రింద ఏమున్నదో మనకు కనబడదు.

మన పూర్వులు ఈ రాష్ట్రమునకు వచ్చి దీని భూమిని దున్నిరి, దీని రైలు కచేరీలలో పనిచేసిరి, దీని బడులలో పాఠములు చెప్పిరి. మన భాషను ఇచ్చట కాపాడుమని ప్రభుత్వమును అడుగు హక్కు మనకు ఎట్లున్నదో, ఈ నదిని కాపాడవలసిన బాధ్యతయు అట్లే ఉన్నది. హక్కులకొరకు అర్జీ వ్రాయునపుడు ముందు వరుసలో నిలుచు మనము బాధ్యత వచ్చినపుడు వెనుక వరుసలో నిలుచుట మర్యాద కాదు.

వచ్చు చలికాలమున సభ్యులు కొందరు కలిసి నందనకాననకును, వీలైనచో టికరపడాకును పోయివచ్చు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. గజేంద్ర మోక్షములోని పద్యములు కంఠస్థము చేసిన మన పిల్లలు, ఏనుగు కాలు పట్టజాలని మొసలి కూడ లోకములో ఉన్నదని కన్నులార చూచెదరు గాక.